పుస్తకములో నున్నది వ్రాయుము

పదవ తరగతి పరీక్షలు ముగిసిన వారమునకు మా శిష్యురాలొకతె రెండు కాగితములు మా చేతికిచ్చి పోయినది. పరీక్షలను గూర్చి నీకు తోచినది నీ మాటలలో వ్రాసి తెమ్మని మేమే యడిగియుంటిమి. తెలుగు వ్యాసమునకు అభ్యాసముగ నుండుననియే మా తలంపు. పరీక్షలు జీవితమునకు సోపానములనియు, శ్రమించినవారికి ఫలము తప్పదనియు, ఇట్టి వ్యాసములందు వాడుకగా వచ్చు వాక్యములే వచ్చుననుకొంటిమి. కాని యా బాలిక చరిత్ర పరీక్షను గూర్చి యొక కాగితమును, గణిత పరీక్షను గూర్చి యొక కాగితమును వ్రాసినది. వానిని చదివిన పిమ్మట రెండుమూడు దినములు మా మనస్సు మాకు స్వాధీనములో లేకపోయినది. ఏలయన, అందు నేరస్థుని పేరు పెట్టకయే నేరము చెప్పబడియున్నది. ఆ నేరస్థులలో మేమును ఒకరము.

ఆమె మాటలు వాడుకభాషలో నున్నవి. వానిని దిద్దుటకు మాకు చేతులు రాలేదు. ఉన్నవి యున్నట్లే యిచ్చుచున్నాము.

చరిత్రను గూర్చి: “మొదటి ప్రపంచ యుద్ధానికి కారణాలు నాలుగు రాయమన్నారు. గైడులో ఆరు ఉన్నాయి. నేను నాలుగు రాసి వచ్చాను. నేను వదిలేసిన రెండు కారణాలు లేకపోతే యుద్ధం వచ్చేదా, రాదా అని దారిలో అనుకున్నాను. ఎవరినీ అడగలేదు.”

గణితమును గూర్చి: “గోపురం ఎత్తు 20√3 మీటర్లు అని వచ్చింది. జవాబు సరైనదే, అందరికీ అదే వచ్చింది. కానీ అది మా ఊరి నీళ్ల ట్యాంకు కన్నా పెద్దదో చిన్నదో నాకు తెలియదు.”

ఇక మమ్ము గూర్చి: “ఏడో తరగతిలో రుద్రమదేవి ఏ సంవత్సరం దాకా పాలించింది అని అడిగాను. మా అన్న పాత పుస్తకంలో 1296 అని ఉంది, మా పుస్తకంలో 1289 అని ఉంది. సారు మన పుస్తకంలో ఉన్నదే రాయమన్నారు. అప్పటి నుంచి నేను ఏమీ అడగలేదు.”

ఆ సారు మేమే. భాషోపాధ్యాయులమైనను, ఆ యేడు బోధకుల కొఱతచే ఏడవ తరగతికి సాంఘికశాస్త్రమును కూడ చెప్పితిమి. బాలిక ప్రశ్నించిన మాట మాకు లీలగా జ్ఞాపకమున్నది. పరీక్ష పదిదినములలో నున్నది. పాఠములు మిగిలియున్నవి. మా ప్రత్యుత్తరము తప్పు కాదు, 1289 అనుటయే నేటి చరిత్రకారుల మతము. కాని ఆ సమాధానమును చెప్పిన తీరుచే ఒక బిడ్డ మూడేండ్లు నోరు మూసికొనినది. తప్పు చెప్పియుండినచో నింత హాని జరిగియుండెడిది కాదేమో!

ఆ ప్రశ్నకు మేమేమి చెప్పవలసియుండెను? నల్లగొండ జిల్లాలో చందుపట్లయను గ్రామమున ఒక శాసనము కలదు. పువ్వుల ముమ్మడి యను సేవకుడొకడు, కాకతి రుద్రమదేవియు మల్లికార్జున నాయకుడును శివలోకప్రాప్తి నొందగా, వారికి పుణ్యముగా సోమనాథదేవునకు భూమి నిచ్చినట్లు అందు చెప్పబడినది. దాని కాలము క్రీ.శ. 1289. ఈ శాసనము గత శతాబ్దపు ఉత్తరార్ధమున వెలుగునకు వచ్చువఱకు ఆమె పాలన మఱి కొన్నియేండ్లు సాగినదని చరిత్రకారులు వ్రాయుచుండిరి. శాసనము దొరకినది, సంవత్సరము మాఱినది. అన్న పుస్తకమునకును చెల్లెలి పుస్తకమునకును నడుమ నున్న ఆ యేడేండ్ల తేడాలో చరిత్రశాస్త్రమంతయు నిమిడియున్నది. ఆమె అంబదేవునితో జరిగిన యుద్ధమున మడిసినదని పలువురు చెప్పుదురు. అది పరిస్థితులనుబట్టి చేసిన యనుమానము, శాసనము చెప్పునది మరణమును మాత్రమే. ఎంతవఱకు శిల చెప్పుచున్నది, ఎచ్చటినుండి మనము చెప్పుచున్నాము అను వివేకము కలిగించుటకు ఇంతకంటె మంచి పాఠము దొరకునా? ఆ పాఠమును ఒక పండ్రెండేండ్ల బాలిక తానై మా బల్లయొద్దకు తెచ్చినది. మేము దానిని త్రిప్పిపంపితిమి.

మన తార్కికులు ప్రత్యక్షము, అనుమానము, శబ్దము మున్నగు ప్రమాణములను చెప్పిరి. మన పరీక్షాశాలలో శబ్దమొక్కటియే ప్రమాణము. ఆ శబ్దమును వేదమునకు సంబంధించినది కాదు, గైడునకు సంబంధించినది. చరిత్రలో కారణములనగా అంకెలు వేసి, క్రింద గీతలు గీసి, ఒక్కొక్క దానికి ఒక్కొక్క మార్కు చొప్పున కొలిచి యిచ్చు దినుసులు. యుద్ధమునకు నాలుగు కారణములు వ్రాసిన బాలుడు, ఆ నాలుగును ఒకదానినొకటి ఎట్లు ప్రేరేపించెనో వ్రాయనక్కఱలేదు. వ్రాసినచో కాలము వృథా. కూటములు ఏర్పడుటచే ఆయుధములు పెరిగెనా, ఆయుధములు పెరుగుటచే కూటములు బిగిసెనా యని యోచించు బాలునికి మూడు గంటలు చాలవు, మార్కులును రావు. అట్టివాడు మఱుసటి పరీక్షనాటికి యోచించుట మానును. ఆ మానుటకే మనము తెలివియని పేరు పెట్టినాము.

గణితమునందు నీ దుర్గతి యుండదని కొందఱి నమ్మకము. ఈ నమ్మకము మాకును ఉండెడిది. గణితమును కంఠస్థము చేయుట ఎట్లని యనుకొనెడివారము. ఒకనాడు పరీక్షకు ముందు పిల్లలచే పైథాగరస్ సిద్ధాంతమును వ్రాయించుచున్న మా సహోపాధ్యాయుని తరగతిలో కూర్చుంటిమి. అందఱును తప్పులేక వ్రాసిరి. త్రిభుజమునకు ఏ, బీ, సీ అను అక్షరములకు బదులు పీ, క్యూ, ఆర్ అని పెట్టి లంబకోణమును వేఱొక మూలకు జరుపుడని మేము కోరితిమి. సగము తరగతి ఆగిపోయినది. ఒక బాలుడు “సార్, ఇది సిలబసులో లేదు” అనినాడు. వాడు వట్టి మాట యనలేదు. వాడు చదివిన సిలబసులో త్రిభుజము లేదు, మూడక్షరములు మాత్రమే యున్నవి.

గోపురమునకు ఇరువది మీటర్ల దూరమున నిలిచి దాని శిఖరమును అఱువది డిగ్రీల కోణమున చూచినచో ఎత్తు 20√3 మీటర్లగును. అనగా సుమారు ముప్పదినాలుగున్నర మీటర్లు. మా శిష్యురాలు ఈ జవాబును తప్పులేక తెచ్చినది, పూర్ణమార్కులు పొందియుండును. కాని యామె తన జీవితమున నొక్కమారును ఏ గోపురమును కోణముతో చూడలేదు. చూచుటకు వలయు సాధనమెంతటిది? పెట్టెలోని కోణమానినికి ఒక దారము కట్టి, దారమునకు ఒక రాయి కట్టినచో చాలును. ఆ కాగితములు చదివిన తరువాత మేము నలుగురైదుగురు పిల్లలను పిలిచి ఆ సాధనముతో ఊరి నీళ్ల ట్యాంకును కొలిపించితిమి. ఒక్కొక్కరికి ఒక్కొక్క సంఖ్య వచ్చినది. ఎవరిది సరియని వారిలో వారికి వాదము పుట్టినది. దారము కదలినదని ఒకడు, అడుగులు సరిగా కొలువలేదని ఇంకొకతె, కంటి యెత్తును కలుపుట మఱచితిమని వేఱొకతె. ఆ సాయంకాలమున జరిగినది గణితము. పరీక్షలో జరిగినది గణితము కాదు.

సుమారు తొమ్మిదివందల యేండ్ల క్రిందట మహావీరాచార్యుని గణితసారసంగ్రహమును పావులూరి మల్లన తెలుగు పద్యములలోనికి తెచ్చెను. లెక్కను తన వారి భాషలో తన వారి యెదుట నిలుపవలెనను కోరిక ఆనాడే పుట్టినది. నేడు ప్రతి గ్రామమున బడి కలదు, ప్రతి బిడ్డ చేతిలో పుస్తకము కలదు. లెక్క మాత్రము ఊరిలోనికి రాకుండ పరీక్షాకేంద్రముననే ఆగిపోవుచున్నది.

ఇచ్చట మాతో విభేదించువారి మాట వినవలెను. పూర్వపక్షమును పలుచన చేసి సిద్ధాంతము చెప్పుట మా గురువులు మాకు నేర్పలేదు.

కంఠస్థము మన సంప్రదాయమనియు, దానిని నిందించుట పరానుకరణమనియు కొందఱందురు. కంఠస్థమును మేము నిందించుట లేదు. మేమును అమరము వల్లించినవారమే. వేదపాఠశాలలో క్రమము, జట, ఘనము అను పద్ధతులలో పదములను ముందువెనుకలుగా వల్లించుట అక్షరము చెడకుండ కాపాడుటకు. ఆ ప్రయోజనము స్పష్టము, అది నెఱవేఱినది. వ్యాకరణమున సూత్రములను వల్లించుట శబ్దమును సాధించుటకు. సూత్రమప్పగించి రూపమును సాధింపలేని విద్యార్థిని ఏ శాస్త్రియు ఉత్తీర్ణునిగా నంగీకరింపలేదు. వీధిబడిలో ఎక్కములు వల్లించుట లెక్క వచ్చినప్పుడు బుద్ధికి తీరిక యిచ్చుటకు. ఎక్కములు నేర్పుట తప్పు కాదు, ఎక్కములతోనే ఆపుట తప్పు. మన పరీక్షలు చేయుచున్నది రెండవ పని. దానికి సంప్రదాయమను పేరు పెట్టుట సంప్రదాయమునకు అపచారము.

రెండవ పూర్వపక్షము మొదటిదానికంటె బలమైనది. పరీక్షయే లేకున్న బీదవాని బిడ్డకు దిక్కేది? జవాబుపత్రముపై పేరుండదు, కులముండదు, తండ్రి యుద్యోగముండదు. ఉండునది సంఖ్య మాత్రమే. సిఫారసు చొఱరాని చోటు ఈ దేశమున అది యొక్కటియే కాదా? ఈ వాదమునకు మేము తల వంచుచున్నాము. మా తండ్రి పొలము దున్నినవాడు. ఆ సంఖ్యయే లేకున్న మేము నేడు ఈ వ్యాసమును వ్రాయుచుండము. కావున పరీక్షలను ఎత్తివేయుడని మేము చెప్పుటలేదు. కాని బీదవానిని కాపాడినది పేరు లేని ఆ సంఖ్య, అందఱికి నొకటియైన ఆ కొలత. వానిని కాపాడినది చెడ్డ ప్రశ్న కాదు. చెడ్డ ప్రశ్న వానికి ద్రోహమే చేయుచున్నది. ఏ ప్రశ్న వచ్చునో పసిగట్టి దానినే నూఱుమారులు వ్రాయించు విద్య అంగటిలో అమ్మకమునకున్నది. డబ్బున్నవాడు కొనును. ఫలితములు వెలువడిన మఱునాడు పత్రికలలో పుటలకు పుటలు నిండు ర్యాంకుల ప్రకటనలను చూడుడు. అవి యెవరి బిడ్డల ముఖములో చూడుడు. బీదవానికి ఉచితముగా దొరకునది స్వబుద్ధి యొక్కటి. దానిని కొలువని పరీక్ష, వాని చేతిలోని ఒక్క నాణెమును చెల్లదని త్రిప్పికొట్టుచున్నది.

ఈ ప్రశ్నల యోగ్యతను తెలిసికొనుటకు వేఱొక కొలత కూడ కలదు. 2022లో ఆంధ్రప్రదేశమునను, 2023లో తెలంగాణమునను పదవ తరగతి ప్రశ్నపత్రముల చిత్రములు పరీక్ష జరుగుచుండగనే చరవాణులలో తిరిగినవి. అరెస్టులు జరిగినవి, దూషణలు జరిగినవి. దొంగను పట్టవలసినదే. కాని దొంగిలింపదగిన వస్తువును తయారుచేసినది ఎవరు? చందుపట్ల శాసనపు పాఠమును ఇచ్చి, దీనినిబట్టి నీవు నిశ్చయముగా చెప్పగలిగినదేమి, ఊహింపగలిగినదేమి యని యడిగినచో, ఆ ప్రశ్న ముందుదినమే తెలిసినను బాలుడు కూర్చుండి ఆలోచింపవలసినదే. ముందుగా తెలిసినంతనే విలువ పోవు ప్రశ్నకు మొదటనే విలువ లేదు.

మూడవ పూర్వపక్షము మా తోడి యుపాధ్యాయులది. ఆలోచించి వ్రాసిన జవాబును ఆలోచించి దిద్దవలెను, అంత తీరిక మాకెక్కడిదని వారందురు. ఇది నిజమైన కష్టము. మూల్యాంకన కేంద్రమున ఎండకాలపు గదిలో కూర్చుండి పదుల కొలది జవాబుపత్రములను ఒక్క దినమున దిద్దుట మాకును అనుభవమే. నలుబదవ పత్రమునకు వచ్చుసరికి కన్ను వాక్యమును చదువదు, క్రింద గీత గీసిన మాటను మాత్రము వెదకును. గీత యున్న మార్కు, లేకున్న లేదు. ఆ గదిలో ఎందఱు పిల్లల ఆలోచనలు మా యెఱ్ఱసిరా క్రింద మునిగెనో మాకు తెలియదు. కాని దీనికి మందు, ఆలోచన నడుగుట మానుట కాదు. ప్రశ్నల సంఖ్యను తగ్గింపవలెను, దిద్దువారికి దినములను పెంచవలెను, వారి శ్రమకు తగిన ప్రతిఫల మీయవలెను. ఒక తరము బుద్ధిని కొలుచు పనికి మఱికొన్ని దినములు వెచ్చించుట ప్రభుత్వమునకు భారమా?

పరీక్షలు లేని యేండ్లను కూడ మనము చూచితిమి. 2020లోను 2021లోను మహమ్మారి కారణముగా రెండు రాష్ట్రములందును పదవ తరగతి విద్యార్థులను పరీక్షలు పూర్తికాకయే ఉత్తీర్ణులను చేసిరి. ఆకాశము విఱిగిపడలేదు. నిజముగా నష్టమైనది పరీక్ష కాదు, బడి. చరవాణి లేని యింటి బిడ్డ రెండేండ్లు పాఠమునకు దూరమైనది. ఆ నష్టమును గూర్చి నాడు విలపించినవారు కొందఱు, పరీక్షల రద్దును గూర్చి వాదించినవారు వేలు. మనము దేనిని విద్య యనుకొనుచున్నామో ఆ రెండేండ్లు మనకే చూపినవి.

శ్రీనివాస రామానుజన్ పేరు ఇట్టి చర్చలలో తప్పక వచ్చును, తఱచుగా తప్పుగా వచ్చును. ఆయన గణితమున తప్పినవాడు కాడు. కుంభకోణమున తక్కిన విషయములను ఉపేక్షించి విద్యార్థివేతనమును పోగొట్టుకొనెను. పిదప మదరాసు పచ్చయ్యప్ప కళాశాలలో చదివియు ఎఫ్. ఏ. పరీక్షను దాటలేకపోయెను. తప్పిన ప్రతి బాలుడు రామానుజన్ అని మేమనము. మేము చెప్పదలచినది 1913లో ఆయన యుత్తరమందుకొనిన హార్డీని గూర్చి. ఆ హార్డీ కేంబ్రిడ్జిలో గణిత ట్రైపాసు పరీక్షను వ్రాసి 1898లో నాలుగవ స్థానమును పొందినవాడు. అనగా ఆ పందెములో గెలిచినవాడు. అయినను, వేగమునకై పిల్లలను తర్ఫీదు చేయు ఆ పరీక్ష తన దేశపు గణితమునకే హాని చేయుచున్నదని నమ్మి దానిపై పోరాడెను. స్థానములను వరుసగా ప్రకటించు ఆచారము 1909తో ముగిసినది. ఓడినవాడు పరీక్షను నిందించిన లోకము నవ్వును. గెలిచినవారు నిందించినప్పుడు గాని మార్పు రాదు. మన ఉపాధ్యాయులమందఱము పరీక్షలలో గెలిచి యీ కుర్చీలలో కూర్చున్నవారమే. మాట్లాడవలసిన బాధ్యత మనదే.

పత్రములకు కొదువ లేదు. 1993లో యశ్‌పాల్ సంఘము చదువుల బరువును గూర్చి నివేదిక యిచ్చినది. 2005 జాతీయ పాఠ్యప్రణాళిక కంఠస్థవిద్యను మానుమనినది. అన్నియు సత్యములే. కాని సంస్కరణ వెలువడిన యేడాదిలోనే సంస్కరణకు గైడు వెలువడుచున్నది. “ఆలోచించి వ్రాయుము” అను ప్రశ్నకు ఆలోచించి వ్రాసిన జవాబు అచ్చయి అంగటిలో దొరకుచున్నది. మేమును తరగతిలో దానినే వ్రాయించుచున్నాము. ముప్పదియైదు మార్కులతో గట్టెక్కింపవలసిన పిల్లల కొఱకు ఏయే ప్రశ్నలు చాలునో పట్టిక వేసి పంచినవారమును మేమే. ఉత్తీర్ణత శాతము తగ్గినచో సంజాయిషీ చెప్పవలసినది మేమే కదా! భయము పై అధికారినుండి ఉపాధ్యాయునకు, ఉపాధ్యాయునినుండి బిడ్డకు దిగుచున్నది. బిడ్డకు క్రింద ఎవరును లేరు. 2019లో ఇంటర్మీడియట్ ఫలితములు వెలువడిన దినములలో తెలంగాణమున ఇరువదిమంది పిల్లలు ప్రాణములు తీసికొనిరని పత్రికలలో చదివినప్పుడు, ఆ భయము ఎచ్చట ఆగునో చూచితిమి.

కావున మేము కోరునది స్వల్పము. చరిత్ర పత్రమున కనీసమొక ప్రశ్నలో పిల్లలు ఎన్నడును చూడని ఒక శాసనఖండమునో, ఒక ఉత్తరమునో, ఒక పన్ను లెక్కనో ఇచ్చి దానినుండి తెలియునదేమో అడుగవలెను. సురవరము ప్రతాపరెడ్డి గారు 1949లో ఆంధ్రుల సాంఘిక చరిత్రను ప్రకటించి, రాజుల జాబితాలకు వెలుపల మన పూర్వుల తిండియు, బట్టయు, ఆటయు చరిత్రయేయని నిరూపించిరి. ఆ మార్గము ఏడవ తరగతికి చేరుటకు ఇంకెన్ని యేండ్లు కావలెను? గణిత పత్రమున ఒక తప్పు నిరూపణమునిచ్చి తప్పెక్కడ నున్నదో చూపుమనవలెను. వచ్చిన జవాబు సంభవమా, అసంభవమా యని ఒక్క వాక్యము వ్రాసినవారికి మార్కు ఈయవలెను. వీనికై కొత్త చట్టము అక్కఱలేదు. బడిలో జరుగు చిన్న పరీక్షల పత్రములను నేడును మేమే కూర్చుకొనవచ్చును. అచ్చట మొదలుపెట్టకుండ పైవారిని నిందించుట మాకు తగదు.

ఆ బాలికకు ప్రత్యుత్తరము బాకీయున్నాము. మూడేండ్లు ఆలస్యముగనైనను ఇచ్చుచున్నాము. అమ్మా, నీ పుస్తకమును, నీ అన్న పుస్తకమును రెండును తమతమ కాలమున తెలిసినంత చెప్పినవి. నడుమ ఒక రాయి దొరకినది. నీ ప్రశ్న సరియైనది, మా మాట సరియైనది కాదు. రేపు ఇంకొక రాయి దొరకినచో నేటి పుస్తకమును మాఱవచ్చును. ఆనాడు నీ పిల్లలు వచ్చి అడిగినప్పుడు, పుస్తకములో నున్నదే వ్రాయుమని మాత్రము చెప్పకుము.